చికాగో యెంత దూరము?

మా హాలియాలో నేడు ఏ వీధిలోనికి పోయినను, కొడుకో కూతురో అమెరికాలో నున్న యిల్లు ఒక్కటియైన కానవచ్చును. సాగరు ఎడమ కాలువ నీటితో వరి పండించిన తండ్రుల బిడ్డలు, హైదరాబాదులో చదివి, అటనుండి డాలసు, చికాగో, న్యూజెర్సీ నగరములకు చేరినారు. ఆ తల్లులు నన్ను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. మావారు బడిపంతులు గావున, లెక్కలు మా యింట నుండునని వారి నమ్మకము. "అమ్మా, గా చికాగో ఎంత దూరముంటది? బొంబాయికి రెండింతలుంటదా?" అని మొన్న నొక పెద్దమ్మ యడిగినది. ఆమె మనుమరా లచట నున్నది.

ఈ ప్రశ్నకు ఒక్క యంకె చెప్పి యూరకుండుట సులభమే. హైదరాబాదునుండి చికాగోకు ఆకాశమార్గమున సుమారు 13,300 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు గనుక, ఇది భూమండలమున మూడవవంతు. కాని ఈ యంకె విన్న తల్లికి దానివలన తెలియున దేమి? ఆమె యడుగునది కిలోమీటర్లు గాదు. "పిలిచిన ఎన్నాళ్ళకు వచ్చును?" అని ఆమె యడుగుచున్నది. ఆ రెండవ ప్రశ్నకు ఉత్తరము కాలమును బట్టియు, గాలిని బట్టియు, రాజ్యముల తగవులను బట్టియు మారుచుండును.

చికాగో పేరు మన యిండ్లలో మొట్టమొదట వినబడినది వివేకానందస్వామి వలన. ఆయన 1893 ఫిబ్రవరి 13వ తేదీన సికింద్రాబాదులోని మహబూబు కళాశాలలో ఉపన్యసించి, పశ్చిమదేశములకు తాను పోదలచిన కారణమును చెప్పినాడు. ఆ యేడు మే 31న బొంబాయిలో నౌక యెక్కి, కొలంబో, పెనాంగు, సింగపూరు, హాంగుకాంగు, జపాను రేవులను దాటి, పసిఫిక్కు మహాసముద్రముపై జూలై 25న కెనడాలోని వాంకూవరు చేరినాడు. అటనుండి రైలుబండిలో చికాగో చేరునప్పటికి జూలై నెల ముగియవచ్చినది. రెండు మాసములు! సర్వమత మహాసభ సెప్టెంబరు 11న గాని ప్రారంభము కాలేదు. చేతిలోని ధనము కరగిపోవుచుండ, చలికి తగిన బట్టలు లేక ఆయన పడిన యిక్కట్లు జీవితచరిత్ర చదివిన వారికి తెలిసినవే. ఆనాడు ఇంటివారి జాబు పోయి, దానికి ప్రత్యుత్తరము వచ్చుటకు మాసములు పట్టెడిది. నేటి తల్లి సెల్లుఫోనులో బిడ్డ ముఖము చూచుచు వంట చేయుచున్నది.

స్వామి తూర్పునకు పోయి చికాగో చేరినాడు. పటము చూచిన వారికి ఐరోపా మీదుగా పడమరకు పోవుటయే దగ్గర యని తోచును. నిజమునకు దగ్గరి దారి ఈ రెండును గాదు. మావారు బడినుండి తెచ్చిన గ్లోబుపై నేనును మా అమ్మాయియు ఒక దారము పెట్టి చూచితిమి. హైదరాబాదుపై ఒక కొస, చికాగోపై ఒక కొస పట్టి బిగించినచో, దారము తనంతట తానే పొట్టిదారి వెదకుకొనును. అది పడమరకు పోలేదు. తిన్నగా ఉత్తరమునకు, రవంత పడమటి వాటముగా లేచినది. పంజాబు, కాశ్మీరపు కొండలు, ఫర్గానా లోయ, కజకస్థాను మైదానములు, రష్యాలోని యూరలు పర్వతముల ప్రాంతము, పిమ్మట మంచు సముద్రము. ఉత్తరధ్రువమునకు పదకొండు డిగ్రీల దూరమువరకు పోయి, అచట వంగి, గ్రీన్‌లాండు మంచుగడ్డపై నుండి, కెనడాలోని హడ్సను అఖాతపు తూర్పు తీరము వెంట దిగి చికాగో చేరినది. దారము పొడవు కొలిచిన ఒక అడుగు పైచిల్లర. ఇంట గ్లోబున్న తల్లులు పిల్లలచేత ఈ పని చేయించి చూడవలెను. కాగితపు పటము గుండ్రని భూమిని బలవంతముగ పఱచినది గావున, దానిపై గీచిన తిన్నని గీత మనలను మోసగించును. చలిమిడి ముద్దను పీటపై ఒత్తినప్పుడు అంచులు సాగినట్లు, పటములో ఉత్తరదేశములు సాగిపోయినవి.

ఇక కాలము. పెద్ద విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోవును. 13,300ను 900చే భాగించిన పదునైదు గంటలకు కొంచెము తక్కువ వచ్చును. కాని విమానము దారము వలె పోజాలదు. ఎత్తైన కొండలను తప్పించుకొనవలెను; ఏ దేశపు ఆకాశము మూసియున్నదో చూచుకొనవలెను; ఎక్కునప్పుడును దిగునప్పుడును వేగము తగ్గును. ఈ రెండు నగరముల నడుమ ఆగని విమానమును ఎయిర్ ఇండియా వారు 2021 జనవరిలో ప్రారంభించినారు. జనవరి 15న శంషాబాదునుండి తొలి ప్రయాణము జరిగినది. ఆ విమానము బోయింగు 777 జాతిలో దూరప్రయాణములకై చేసిన రకము; 238 మంది కూర్చుండవచ్చును; దాని కడుపున సుమారు 1,81,000 లీటర్ల ఇంధనము పట్టును.

ఆనాడు ప్రకటించిన వేళలు చూడుడు, వినోదముగా నుండును. హైదరాబాదులో మధ్యాహ్నము 12 గంటల 50 నిమిషములకు బయలుదేరి, చికాగోలో నాటి సాయంకాలమే 6 గంటల 5 నిమిషములకు దిగును. గోడగడియారముల ప్రకారము అయిదుగంటల పావు ప్రయాణము! మఱి తిరుగుదారిలో రాత్రి తొమ్మిదిన్నరకు చికాగోలో నెక్కినవారు, మరునాడు గడచి, ఆ పైనాటి కర్ధరాత్రి దాటిన నలుబది నిమిషములకు హైదరాబాదులో దిగుదురు. ఇరువదియేడు గంటలు పట్టినట్లు తోచును. రెండును నిజము గాదు. చలికాలమున చికాగో గడియారము మనకంటె పదకొండున్నర గంటలు వెనుక నడచును. ఆ వ్యత్యాసమును సరిచూచినచో పోవుటకు 16 గంటల 45 నిమిషములు, వచ్చుటకు 15 గంటల 40 నిమిషములు తేలును.

ఒకే దారికి రాకపోకలలో గంటకు పైగా తేడా యేల? ఆకాశమున చాల ఎత్తున, విమానములు పోవు తావుననే, పడమటినుండి తూర్పునకు ఒక గాలి ప్రవాహము ఏరువలె వీచుచుండును. చలికాలమున దాని ఉద్ధృతి మఱింత హెచ్చు. దానికి ఎదురీదిన ఆలస్యము, దానితో కొట్టుకొనివచ్చిన తొందర. కృష్ణలో పుట్టి నడపినవారికి ఇది వేరుగ చెప్ప నక్కఱలేదు.

ఆ ఆగని విమానసేవ చిరకాలము నిలువలేదు. మనవారు దుబాయి, దోహా, లండను, ఫ్రాంక్‌ఫర్టు వంటి నగరములలో దిగి వేఱొక విమానమెక్కి పోవుచున్నారు. ఇట్లు మధ్య దిగుట చుట్టుదారి యని అందఱు విసుగుకొందురు గాని, లెక్క చూచిన ఆశ్చర్యము కలుగును. హైదరాబాదునుండి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయినుండి చికాగోకు సుమారు 11,640. మొత్తము 14,190. అనగా తిన్నని దారికంటె హెచ్చు 900 కిలోమీటర్లు మాత్రమే. విమానమునకు ఒక్కగంట పని. కాలమంతయు మ్రింగునది ఆకాశము గాదు, నేల. రెండవ విమానము కొరకు మూడు నాలుగు గంటలో, అదృష్టము తప్పిన పది గంటలో కాచుకొనవలెను. మధ్య దిగుట మన పురాణములకు క్రొత్త గాదు లెండు. పుష్పకము సైతము కిష్కింధలో నాగినది, సీతమ్మ తారను తక్కిన వానరస్త్రీలను వెంటగొని పోదమని కోరుటచేత. ఆ యాగుట ఆదరముచేత నైనది. ఈ యాగుట టిక్కెట్టు చవక యగుటచేత.

దేశముల కలహములు కూడ గంటలను పెంచును. 2022లో ఉక్రెయిను యుద్ధము మొదలైన పిమ్మట రష్యా తన యాకాశమును అమెరికా, ఐరోపా విమానములకు మూసివేసినది. 2025 ఏప్రిలులో పాకిస్థాను తన యాకాశమును మన విమానములకు మూసినది; అప్పుడు ఢిల్లీనుండి ఉత్తర అమెరికాకు పోవు ఎయిర్ ఇండియా విమానములు చుట్టు తిరిగి, కొన్ని వియన్నాలో దిగి ఇంధనము నింపుకొని పోవలసివచ్చినది. నేలపై గీచిన సరిహద్దులు ముప్పదియైదువేల అడుగుల యెత్తున గూడ నుండునని మనవంటి వారికి అప్పుడే తెలిసినది.

కావున ఇంటి లెక్క వేఱుగ వేసికొనవలెను. హాలియాలో కారెక్కి శంషాబాదు చేరుటకు మూడు గంటలు. విమానము వేళకు మూడు గంటలు ముందుండవలెనని నియమము. ఆకాశమునను మధ్య మజిలీలోను కలిపి ఇరువదిమూడు గంటలు తక్కువ గాదు. దిగినపిదప అధికారుల ప్రశ్నలు, పెట్టెలు తీసికొనుట, ఇల్లు చేరుట రెండు గంటలు. మొత్తము ముప్పదియొక్క గంటలు. గడపనుండి గడపకు చికాగో దూరము ఇది. అన్నియు అనుకూలించినప్పుడు మాత్రమే యిది. సీటు దొరకుటకు పట్టు కాలము ఇందులో చేరలేదు.

ఈ లెక్క యెందులకు ముఖ్యమో ఒక సంగతి చెప్పెదను. గడచిన మాఘమాసమున మా వీధిలో ఒక వృద్ధురాలు తెల్లవారుజామున అయిదింటికి కన్నుమూసినది. కొడుకు చికాగో చెంత నున్నాడు. అచట అప్పుడు ముందునాటి సాయంకాలము అయిదున్నర. వార్త క్షణములో పోయినది. ఆ రాత్రి ఎనిమిదిన్నర విమానమున సీటు దొరకినను, అతడు హాలియా చేరునప్పటికి మరునాటి మధ్యాహ్నము కావచ్చును. ఆ రాత్రి దొరకలేదు, మరునాటి రాత్రికి దొరకినది. అనగా శవము రెండుదినములకు పైగా నుండవలెను. వాకిట కూర్చున్న పెద్దలలో కొందఱు నల్లగొండనుండి ఫ్రీజరు పెట్టె తెప్పింపుడనిరి. కొందఱు పొద్దుగూకక మునుపే దహనము కావలెననిరి. ఎవరి మాట వారిది. ఎవరును చెడ్డవారు గారు.

అప్పుడు కూతురు లేచి, "అమ్మ ముందే చెప్పింది. పెద్దోడు యాళ్ళకు రాకుంటె పెట్టెల పెట్టి ఆపకుండ్రి, నువ్వే నిప్పు పెట్టు బిడ్డా అన్నది" అని చెప్పినది. మూడు సంవత్సరముల క్రితము కొడుకు విమానమెక్కిన నాడే ఆ ముదుసలి ఆ మాట చెప్పి, మరిదికిని తెలియజేసి, కొడుకుచేత సరే యనిపించుకొన్నదట. అక్షరము రాని యామె. వాకిట వాదము ఆగినది. కూతురే కుండ పట్టుకొని నడచినది. కొడుకు మూడవనాటి సంచయనమునకు అందుకొని, అస్థులను వాడపల్లి సంగమమునకు తానే కొనిపోయినాడు. అతని దుఃఖమును నేను చూచితిని. కాని ఆ దుఃఖమున నింద లేదు. "వేళకు రాలేదు" అన్నమాట ఆ యింట నెవరి నోటను వినరాలేదు.

రామాయణము చదివినవారికి భరతుని ప్రతిజ్ఞ జ్ఞాపకముండును. పదునాలుగేండ్లు నిండిన మరునాడు అన్న రాకున్న అగ్నిప్రవేశము చేయుదునన్నాడు. పుష్పకమువంటి వాహనముండియు, రాముడు భరద్వాజాశ్రమమున నాగి, తాను పోవుటకు ముందు హనుమంతుని వార్తతో నందిగ్రామమునకు పంపినాడు. నేను చిన్ననాడు మా నాయనగారియొద్ద ఈ ఘట్టము చదువునప్పుడు, ఇంత దగ్గరికి వచ్చి ముందుగ వార్త పంపుట యేల యనుకొన్నాను. ఇప్పుడు తెలిసినది. వాహన మెంత వేగముదైనను, వార్తకును మనిషికిని నడుమ కొంత యెడము తప్పదు. ఆ యెడములోనే ఇంటివారు నిర్ణయములు చేయవలసి యుండును. బిడ్డలను దూరము పంపిన ప్రతి యింటను ఆ నిర్ణయము ముందుగనే జరుగుట మంచిదని నా యభిప్రాయము. అశుభము పలుకరాదని పెద్దలందురు. నిజమే; కాని ఆ ముదుసలి పలికిన యశుభము ఆ యింటికి మేలే చేసినది.

శుభకార్యముల లెక్క దీనికంటె సుకరము. కూతురి పురుటికి పోవు తల్లులు మనలో పెక్కుమంది. చూచి రావచ్చిన వారికి అమెరికావారు సాధారణముగా ఆరునెలల వరకు ఉండనిత్తురు గావున, ప్రసవమునకు ఎన్నాళ్ళు ముందు పోవలెనో, పసిబిడ్డ నెన్నాళ్ళు పెంచి రావచ్చునో ముందే గుణించుకొనవలెను. ఆంగ్లము రాని తల్లి ఒంటరిగ పోవలసివచ్చినచో, టిక్కెట్టు కొనునప్పుడే చక్రముల కుర్చీ కావలెనని చెప్పించుడు. నడువగలవారు సిగ్గుపడుదురు గాని, ఆ కుర్చీ తోయువాడే పరదేశమున మనకు దారి చూపువాడు. రెండవ విమానము తప్పిపోవునను భయముండదు. శాకాహారము కూడ ముందుగనే కోరవలెను.

కారపుపొడి, కందిపొడి వంటివి చేతిసంచిలో పెట్టకుడు. అమెరికాకు పోవు విమానములలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులను చేతిసంచిలో తెచ్చిన విప్పి పరీక్షింతురు, ఒక్కొక్కప్పుడు పాఱవేయింతురు. అవి పెద్దపెట్టెలో పోవలెను. పచ్చిపండ్లు, మాంసపు పచ్చళ్ళు తీసికొని పోరాదు. మందులు మాత్రము చేతిసంచిలోనే, వైద్యుని చీటీతో సహా, ఉండవలెను.

మందుల మాట వచ్చినది గావున కొంచెము నిలిచి చెప్పెదను. చక్కెరవ్యాధికి మాత్రలో సూదిమందో వాడు సోదరీమణులు, "ఉదయము ఒకటి, రాత్రి ఒకటి" అను నియమమును గడియారము చూచి పాటించినచో ప్రమాదము. పడమటికి పోవునప్పుడు ఆ దినము పదకొండు గంటలు సాగును. తిరిగి వచ్చునప్పుడు అంత కుంచించుకొనును. ఎన్ని గంటల కెంత మందు, ఏ భోజనముతో అన్నది బయలుదేరుటకు వారము ముందు వైద్యుని యడిగి కాగితముపై వ్రాయించుకొనుడు. విమానములోని గాలి చాల పొడిది. దాహము లేకున్నను నీరు త్రాగవలెను. పదునాఱు గంటలు కాళ్ళు వ్రేలాడవేసి కదలక కూర్చున్న పాదములు పొంగును, కొందఱికి పిక్కలలో నెత్తురు గడ్డకట్టును. గంట రెండుగంటల కొకసారి లేచి నడువవలెను. ప్రక్కవారిని లేపుట కష్టమని మొగమాటపడకుడు.

చేరినపిదప కొన్నినాళ్ళు పగలు నిద్ర, రాత్రి మెలకువ. శరీరము దినమునకు దాదాపు ఒక గంట చొప్పున క్రొత్త వేళకు సర్దుకొనును గనుక, పది పండ్రెండు దినములు ఓపిక పట్టవలెను. ఉదయపుటెండలో నడచుట మేలు చేయును.

పండుగల విషయమున నొక మాట. తిథి యన్నది చంద్రునికిని సూర్యునికిని నడుమనుండు దూరము గావున, లోకమంతటను ఒక్క క్షణముననే ముగియును. సూర్యోదయము మాత్రము ఊరూరికి వేఱు. ఒక తిథి మనకు మంగళవారము సాయంత్రము నాలుగింటికి ముగిసినదనుకొనుడు. చికాగోలో అప్పుడు మంగళవారము వేకువ నాలుగున్నర, సూర్యుడింక నుదయింపలేదు. కావున వారికి ఆ తిథి సోమవారపు సూర్యోదయముతోనే పోయినది. అందుచేత మన బిడ్డ ఏకాదశియో, తాతగారి తద్దినమో మనకంటె ఒకదినము ముందు పెట్టినచో తప్పు చేసినదని కోపింపవలదు. ఆ యూరికి గుణించిన పంచాంగమునే చూడవలెనని చెప్పుడు.

ఇక ఫోను వేళలు. మార్చి రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారము వరకు అచటివారు గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుదురు. ఆ దినములలో చికాగోకును మనకును పదిన్నర గంటలే తేడా; తక్కిన కాలమున పదకొండున్నర. మన ఉదయము ఏడింటికి వేసవిలో వారికి ముందునాటి రాత్రి ఎనిమిదిన్నర, చలికాలమున ఏడున్నర. పనినుండి వచ్చి, అన్నము తిను వేళ. ఆ పెద్దమ్మకు ఈ సంగతి చెప్పి, గోడపై రెండవ గడియారము పెట్టించుకొమ్మంటిని. పెట్టించుకొన్నది, మార్చిలో త్రిప్పుటకు మా అమ్మాయిని పిలుచుచున్నది.